మళ్ళీ అదే కోడ్

స్కానర్ తీగ కారుకు తగిలించి అస్గర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. మళ్ళీ అదే కోడ్. బ్రేకుల్లో ఒత్తిడి పడిపోయిందట.

గోదావరిఖనిలో అస్గర్ షెడ్డు తెలియని డ్రైవరు లేడు. స్కానర్ చెప్పకముందే ఆయన చెవి లోపం పట్టేస్తుందని పేరు. అంతటివాడికి సదయ్య కారు చుక్కలు చూపిస్తోంది.

సదయ్య బొగ్గు బాయిలో పంపు నడుపుతాడు. రోజూ ఈ పాత కార్లోనే డ్యూటీకి పోతాడు. దారిలో పెద్ద దిగుడు. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అక్కడ బ్రేకు పడకపోతే శవాన్ని పోల్చుకోవడం కూడా కష్టమే.

"దిగుడుకు ముందుగాల ఎర్రలైటు ఎలిగింది భాయ్. ఆపేసిన. లేకుంటే లారీ కిందికే పోయేటోణ్ణి," అన్నాడు సదయ్య.

అస్గర్ కారు కిందికి దూరాడు. వెనక చక్రం దగ్గర బ్రేకు పైపు నట్టు వదులై ఆయిల్ కారుతోంది. పోయినసారి తాను బిగించిన నట్టే. అంతకు ముందుసారి పైపే మార్చాడు. బాగుచేసి, కోడ్ చెరిపేసి, లైటు ఆర్పి పంపిస్తాడు. కొన్నాళ్ళకే కారు మళ్ళీ వస్తుంది. ఏం పోయిందో స్కానర్ చెబుతుంది గానీ, ఎందుకు పోయిందో చెప్పదు.

"డంపర్లు తిరిగే రోడ్డు గదా. గుంతలల్ల అదిరి ఊడుతుంది," అన్నాడు అస్గర్.

పక్క షెడ్డువాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ముసలాయన వరస అనుకున్నారు.

సదయ్య వెంట వచ్చిన కొడుకు సంపత్ మాత్రం నవ్వలేదు, మండిపడ్డాడు.

"చేతకాకుంటే చెప్పు కాకా. మా నాయనకేమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?"

సదయ్యే కొడుకును ఆపి, సర్దిచెప్పాడు.

"ఏమనుకోకు భాయ్. పిలగానికి నేనంటే పాణం. ఐతారమొస్తే ఈ కారు వాడే కడుగుతడు. ఇంకొకల్లను చెయ్యి పెట్టనియ్యడు."

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక అస్గర్‌కు దుఃఖం ఆగలేదు. చేతుల్లో బలం పోయిందని, షెడ్డు మూసేస్తానని భార్య సుగ్రా బీతో చెప్పుకుని ఏడ్చాడు. ఆ ఒక్క కారూ బాగుచేశాక మూద్దువులే అంది ఆమె.

మర్నాడు కొత్త నట్టు వేసి, అల్లా మీద భారం వేసి, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి బిగించాడు. పది రోజులు కాలేదు, ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ బిగించాడు. కానీ తన చేతుల మీద నమ్మకం పూర్తిగా పోయింది. కొత్త బండ్లు తీసుకోవడం మానేశాడు.

ఆ తర్వాత చాలా రోజులు సదయ్య జాడ లేదు. రోడ్డు మీద లారీ గట్టిగా హారన్ కొడితే చాలు, అస్గర్ పని ఆపి బయటికి వచ్చి చూసేవాడు. దిగుడు దగ్గర ఏదో యాక్సిడెంటయిందని ఎవరైనా అంటే, ఏ కారని అడగడానికి భయపడేవాడు.

చివరికి ఒక పొద్దున సదయ్య కారు షెడ్డు ముందు ఆగింది. అస్గర్ వెంటనే స్కానర్ పెట్టాడు. కోడ్ లేదు. కిందికి దూరి చూశాడు. నట్టు బిగించినచోటే ఉంది. చుక్క ఆయిల్ కారలేదు.

"ఈ నెలల ఒక్కసారి సుత లైటు ఎలగలే. నీ చెయ్యి చెయ్యే భాయ్," అన్నాడు సదయ్య.

అస్గర్ మొహం వెలిగిపోయింది. షెడ్డు మూసే మాట ఇక ఎత్తకూడదనుకున్నాడు. తనను అన్ని మాటలన్న కుర్రాడికి ఆ నట్టు చూపించాలనిపించింది.

"సంపత్‌ను సుత తోల్కరాకపోయినవ్?"

సదయ్య నవ్వాడు.

"వాడెక్కడొస్తడు భాయ్, నేను డ్యూటీల ఉండంగ సస్తే నా నౌకరి వానికొచ్చేది, పోయిన నెలాఖరుకు రిటైరైతి గదా, అప్పటి సంది నాతోని మాట్లాడుతనే లేడు."