తెర నిండా బొమ్మ

కొత్త టీవీ గోడకు బిగించేసరికి మన్‌సిక్ గారికి చెమటలు పట్టాయి. బిగించింది ఆయన కాదు, అల్లుడు తేగ్యం. మామగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి అల్లుడు తెచ్చిన బహుమతి అది. సగం గోడ ఆక్రమించింది.

"నాన్నా, ఇందులో మొట్టమొదట ఏం చూస్తామో తెలుసా?" అంది కూతురు నారే. "మన బుసాన్‌లోనే తీసిన సీరియల్. నాలుగో భాగంలో చేపల మార్కెట్ వెనకున్న డాన్సు హాలు కనిపిస్తుందట."

కనిపిస్తుందని మన్‌సిక్ గారికి తెలుసు. ఆ హాల్లో, బొమ్మకి ఎడమ అంచున ఎర్ర కోటు వేసుకుని, పసుపు స్కార్ఫు కట్టిన ఒకావిడ చెయ్యి పట్టుకుని గిరగిరా తిరుగుతున్న ముసలాయన తనేనని కూడా తెలుసు. ఫోనులో ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి చూసుకున్నారు. అరచేతి తెరలో చీమంత ఉన్నా, అడుగులు భలే పడ్డాయని మురిసిపోయారు. ఇప్పుడా చీమ గోడ మీద ఏనుగై కూర్చోబోతోంది.

గురువారం గురువారం ఆయన కొండెక్కడానికి వెళ్తున్నట్టు లెక్క. భార్య పిల్‌సున్ గారు ఆవిరి స్నానాలకి వెళ్ళే రోజూ అదే. ఆవిడ గులాబీ తువ్వాలు మెడలో వేసుకుని అటు వెళ్ళగానే, ఈయన ఆవిడే కొనిపెట్టిన ఎర్ర కోటు తొడుక్కుని ఇటు బయల్దేరతారు. కొండ దాకా వెళ్ళింది ఏనాడూ లేదు. సాయంత్రం ఇంటి ముందు పూలకుండీలో బూట్లు అద్ది, మట్టి అంటించుకుని మరీ లోపలికొస్తారు. అప్పటికే పిల్‌సున్ గారు ఎర్రబడ్డ బుగ్గలతో, చెమటలు కక్కుతూ, రెండో గిన్నె అన్నం లాగిస్తూ ఉంటారు. ఆవిరి స్నానమంటే మరి అంతే.

డాన్సు హాలు పేరెత్తితే ఆవిడకి ఒళ్ళు మంట. ఒకసారి ఆయనే ధైర్యం చేసి "మనిద్దరం సరదాగా ఒక అడుగు వేద్దామా" అని అడిగితే, నలుగురూ నవ్వుతారని కసిరారు. ఇవాళా కసిరారు.

"ఆ సిగ్గులేని ముసలాళ్ళని చూడ్డానికా ఇంత టీవీ? ఈ ఇంట్లోవాళ్ళెవరైనా అక్కడ కాలు పెడితే దుప్పటీ దిండూ అక్కడికే పంపించేస్తా. అసలా నేలంతా నూనె రాసినట్టు జారుడు. మోకాళ్ళు విరగ్గొట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పాటల పోటీ పెట్టవే."

"అవునవును, పాటల పోటీ," అన్నారు మన్‌సిక్ గారు ఆత్రంగా.

"పుట్టినరోజున మన ఊరే చూస్తాం," అంది నారే. మొండితనం తల్లి పోలిక.

సీరియల్ నాలుగో భాగం మొదలైంది. తెరకి పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చి కూర్చున్నాయి. మన్‌సిక్ గారు ఆశగా లేచారు.

"అల్లుడూ, ఇది చెడిపోయినట్టుంది. తిరిగిచ్చేసొద్దాం పద."

"చెడిపోలేదు మావయ్యా. దీన్ని సినిమాలాగా బాగా వెడల్పుగా తీశారు. మన టీవీ అంత వెడల్పు లేదు. ఆ చివర్నించి ఈ చివరిదాకా బొమ్మంతా పట్టాలంటే చిన్నది చెయ్యాలి. చిన్నది చేస్తే పైనా కిందా ఖాళీ మిగుల్తుంది. ఆ ఖాళీయే ఈ నలుపు."

"పోగొట్టే దారి లేదా?"

"ఉంది. బొమ్మని పెద్దది చేసి తెర నిండా పరచొచ్చు. కాకపోతే అంచులు తెగిపోతాయి."

మన్‌సిక్ గారికి ప్రాణం లేచొచ్చింది.

"అంచులు తెగిపోతాయా," అన్నారు నెమ్మదిగా.

"రెండు పక్కలా. అక్కడున్నవాళ్ళు గల్లంతే."

"అయితే నొక్కు."

"బొమ్మ పాడవుతుంది మావయ్యా. తీసినాయన చూస్తే ఏడుస్తాడు."

"ఏడవనీ. పుట్టినరోజు పూట నల్ల రిబ్బను కట్టిన చనిపోయినవాళ్ళ పటంలా ఉంది నా టీవీ. అంచున నిలబడేవాళ్ళు ఏమన్నా హీరోలా?"

నారే రిమోటు లాక్కుంది. "అమ్మ ఎలా అంటే అలా."

మన్‌సిక్ గారు నీరుగారిపోయారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన తూర్పంటే ఆవిడ పడమర. పైగా గిన్నె అడుగున మాడిన అన్నాన్ని కూడా నీళ్ళు పోసి గీకి తాగే మనిషి. అంత బొమ్మని కోసి పారెయ్యమంటుందా? ఇక దిండూ దుప్పటీ సర్దుకోవడమే.

తెర మీద డాన్సు హాలు తలుపులు తెరుచుకుంటున్నాయి. పిల్‌సున్ గారు అటే చూస్తున్నారు.

"మీ నాన్న చెప్పిందే రైటు," అన్నారు. "నొక్కు. తొందరగా నొక్కవే."

మన్‌సిక్ గారికి కళ్ళు చెమర్చాయి. నారే నొక్కింది. తెర నిండిపోయింది. రంగు దీపాలు తిరిగాయి, నడిమధ్యన హీరోయిన్ హీరోని చెంపదెబ్బ కొట్టింది, హాలు వెళ్ళిపోయింది. ఎర్ర కోటు జాడే లేదు. ఆయన ఒక్కసారిగా పెద్దగా నవ్వేశారు. పిల్‌సున్ గారూ నవ్వారు. బేరిపండు చెక్కు తీసి, అన్నిటికంటే పెద్ద ముక్క ఆయన నోటికి అందించారు. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత ప్రేమ ఆయన ఎరగరు.

ఇద్దరూ ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ, పుట్టినరోజున తప్పనిసరిగా తాగే సముద్రపు నాచు చారు వేడి చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళారు.

తేగ్యానికి మాత్రం మనసొప్పలేదు. తెగిన అంచుల్లో ఏముందో చూద్దామని, బొమ్మని మళ్ళీ అసలు కొలతకి తెచ్చి, డాన్సు హాలు దాకా వెనక్కి తిప్పాడు.

నల్లపట్టీలు తిరిగొచ్చి బొమ్మ రెండు పక్కలా విచ్చుకోగానే, ఎడమ అంచున ఎర్ర కోటులో మామగారు, మధ్యలో ఇసుకేస్తే రాలనంత జనం, కుడి అంచున ఎవరో పూలచొక్కా పెద్దమనిషి చెయ్యి పట్టుకుని, మెడలో గులాబీ తువ్వాలు ఎగురుతుండగా, మామగారికంటే జోరుగా గిరగిరా తిరుగుతూ అత్తగారు.