తెగని సాలెగూడు

పురుగుల ఫొటోల కోసం మేమిద్దరం చిత్తడి నేలకు వచ్చేసరికి సంజ చీకటి ముదిరింది. ఆ చిత్తడి నేలలో చెక్కల బాట తప్ప వేరే దారి లేదు. పక్కకు అడుగేస్తే నడుం దాకా దిగబడతాం. నేను లెన్సు మార్చుకునేలోపు మా సైమి అక్క ముందుకు వెళ్లిపోయింది.

"ఒరేయ్ ఎస్కో, నత్తలా ఏంట్రా ఆ నడక? ఇక్కడ మంచి సాలీడుంది, రా!" పొగమంచులోంచి అక్క గొంతు వినిపించింది.

టార్చి వేశాను. బాటకు అడ్డంగా, నా మొహం ఎత్తు నుంచి చెక్కల దాకా, ఎప్పుడో అల్లిన సాలెగూడు ఉంది. నిండా మంచుబొట్లు పట్టి ఉంది. ఒక్క పోగూ తెగలేదు.

"అక్కా, నువ్వు ఇటే వెళ్లావా?"



"ఆ గూడేగా? తెంపేసి వచ్చెయ్‌రా."

సాలెగూడు అడ్డొస్తే మా అక్క వెనక్కి తిరిగి ఇంటికైనా పోతుంది గాని, తను తెంపదు, నన్ను తెంపనివ్వదు.