తియ్యటి నీళ్లు

1964 మార్చి 9. ఇల్లు అలికాను. ఆరు బిందెల నీళ్లు తోడాను. సూది మరిగించి, మా బిడ్డ అనసూర్యకు చక్కెర రోగం మందు డాక్టర్ చెప్పిన గీత తప్పకుండా ఎక్కించాను.

పిల్లను దవాఖాన నుంచి తెచ్చి నాలుగు రోజులు. మొదటి రోజే మా ఆయన కరీంనగర్ బస్సు డ్రైవరుతో కొబ్బరి బోండాలు తెప్పించారు.

“రోజూ బిడ్డకు తాపు. డాక్టర్ సాబ్ చెప్పిండు.”

“చక్కెర రోగానికి తియ్యటి నీళ్లా? బిడ్డ అడిగిందని డాక్టర్ మీద పెట్టి చెప్తున్నవు.”

ఆయన నవ్వి మగ్గంలో కూర్చున్నారు. నేను ఆ నీళ్లు దూడ కుడితిలో పోశాను. రోజూ ఆయన “తాపినవా?” అంటే “తాపిన” అన్నాను.

ఈ మధ్యాహ్నం పిల్ల కాళ్లు చచ్చుబడ్డాయి. దవాఖాన చేరేసరికి గుండె ఆగిపోయింది.

డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టాడు. “ఇన్సులిన్ చేస్తే రక్తంల చక్కెరతో పాటు పొటాషియమనే ఉప్పు గూడ దిగుతది. అది బాగా తగ్గితే గుండె ఆగుతది. అందుకే కొబ్బరినీళ్లు తాపుమన్న. తాపలేదా?”

ఆయన నా ముఖం చూశారు. నేను తల దించుకున్నాను.

ఆయన డాక్టర్ వైపు తిరిగారు.

“బోండాలు నేనే తేలే సాబ్. మర్చిపోయిన.”