పాత ఫొటో

"ఇది మీరు కాదు సార్," అన్నాడు సెంట్రీ.

రామచంద్రం సారు తన గేట్ పాసును తానే ఇంకోసారి చూసుకున్నాడు. ఫొటోలో ఉన్నది తనే. కాకపోతే చాలా ఏళ్ల కిందటి తను. నెత్తినిండా జుట్టుంది, కళ్లద్దాలు లేవు. కాలేజీ ఆఫీసు వాళ్లు ఫొటో అడిగితే బద్ధకించి బీరువాలో దొరికిందేదో ఇచ్చేశాడు. ఇప్పుడు తన ముఖానికి తానే సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది.

"నేనే తమ్మీ. జుట్టు పోయింది, అద్దాలొచ్చినయి. గంతే."

"అందరు గట్లనే అంటరు సార్."

పొద్దంతా మంచిర్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో గొంతు పోయేలా పాఠాలు చెప్పి, కిక్కిరిసిన బస్సులో నిలబడి, ఆసిఫాబాద్ రోడ్డు మీది ఈ స్పెషల్ పోలీసు బెటాలియన్ దాకా వచ్చాడాయన. మోకాళ్లు సలుపుతున్నాయి. లోపల కానిస్టేబుళ్లకు సాయంత్రం డిగ్రీ క్లాసు. రోజూ పాఠం ఫోన్‌లోనే. టర్ముకు మూడుసార్లు మాత్రం ఎదురెదురుగా. ఆ మూడింట్లో ఒక్కదానికైనా రానివాళ్లకు హాల్ టికెట్ రాదు, ఏడాది గంగలో కలిసినట్టే. ఇవాళ్టిది ఆఖరి క్లాసు.

ఫోన్ పాఠమంటే గోడకు చెప్పుకోవడమే. అందరి కెమెరాలూ మూసే ఉంటాయి, మైకులూ అంతే. అవతల ఎవరు రొట్టెలు కాల్చుకుంటున్నారో, ఎవరు గుర్రు పెడుతున్నారో దేవుడికే ఎరుక. వాళ్లకు మాత్రం ఈయన అద్దాల మీది గీత కూడా కనబడుతుంది. ఆర్నెల్లుగా ఆయన నల్లటి తెరకు ఆర్థికశాస్త్రం బోధిస్తున్నాడు.

నిన్న పాఠం మధ్యలో ఆ తెర మీద ఒక మెసేజ్ వచ్చింది.

"సార్, నేను దేవదాస్‌ను. ముందటి రెండు క్లాసులప్పుడు భైంసా బందోబస్తుల ఉన్న. రేపు డ్యూటీ ఆరింటికి దిగుత. క్లాసేమో అయిదున్నరకు. హాజరు జర ఆగి తీసుకోండ్రి."

సారు అందరికీ వినబడేలా జవాబిచ్చాడు. "క్లాసుల అడుగు పెట్టంగనే హాజరు తీస్త. ఒక్కరికి ఆగితే అందరికి ఆగాలె. రూల్ అంటే రూల్."

అనడానికైతే అన్నాడు. రాత్రి అన్నం సహించలేదు. ముఖమైనా తెలియని మనిషి, బందోబస్తుల్లో పడి తిరిగినవాడు, వాడి ఏడాది తన నోటిమాట మీద పోతుంది. పాపం అనిపించింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. ఇంట్లోవాళ్లనడిగితే ఇంకా వివరంగా చెబుతారు.

"లోపటికి ఫోన్ చేసి అడుగు తమ్మీ. నా ఫోనైతే గేటుల పెట్టించుకుంటివి."

"చేస్తున్న సార్. ఎత్తుతలేరు." సెంట్రీ జాకెట్ జిప్పు గొంతుదాకా లాక్కుని, మంకీ క్యాపు కిందికి గుంజుకున్నాడు. "చలి పెడ్తున్నది. కూసోండ్రి. చాయ తాగుతరా?"

మనిషి మర్యాదస్తుడే. స్టూలు వేశాడు. ఫ్లాస్కులోంచి చాయ పోసిచ్చాడు. గేటు మాత్రం తీయలేదు.

"మొన్న రెండుసార్లు సెల్యూట్ కొట్టి మరీ పంపిండ్రు గదా!"

"గప్పుడు గీడ నేను లేను సార్."

"పిల్లల ఏడాది నా చేతిల ఉన్నదయ్యా. నేను పోకుంటే ఒక్కరికి హాజరు పడది."

"పరేషాన్ గాకుండ్రి. మీరు లేకుండ క్లాసు మొదలైతదా ఏంది?"

సారుకు ఒళ్లు మండింది. లేచి ముఖం ముందుకు చాచాడు. "సూడు. సరింగ సూడు. ఇసొంటి మొకం ఇంకోటి ఉంటదా?"

సెంట్రీ టార్చి వేసి మరీ చూశాడు. ఫొటో చూశాడు, ముఖం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"జర పోలికైతే ఉన్నది సార్. కని రూల్ అంటే రూల్."

ఆ మాటతో సారు మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు. అలసట, ఆకలి, కోపం అన్నీ కలిసి కళ్లు మూసుకుపోతున్నాయి. ఇంతలో ఒక సంగతి తట్టింది. ఈ మొద్దు సెంట్రీ పుణ్యమా అని ఆ దేవదాస్ అందుకుంటాడేమో! తాను మాట తప్పినట్టూ కాదు, వాడి ఏడాది పోయినట్టూ కాదు. ఎవరికీ చెప్పుకోలేని హాయి ఒకటి కలిగింది. చల్లారిన చాయను కూడా తాగేశాడు.

లోపలెక్కడో గంట కొట్టారు. ఆరు.

సెంట్రీ మారాడు. పాతవాడు తుపాకి అప్పజెప్పాలంటూ వెనక్కి చూడకుండా లోపలికి ఉరికాడు. కొత్తవాడు పాసు వంక చూడనైనా లేదు. "అయ్యో, సార్! గీడ కూసున్నరేంది? పోండ్రి, పోండ్రి," అని గేటు తీశాడు.

పరేడ్ గ్రౌండు దాటేసరికి సారు మోకాళ్లు దేవుణ్ని తలుచుకున్నాయి. క్లాసులో అడుగు పెట్టగానే అందరూ దిగ్గున లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. కూర్చోమని చెయ్యి ఊపి, అన్నట్టుగానే వెంటనే హాజరు మొదలుపెట్టాడు. నాగరాజు ఉన్నాడు. ప్రణయ్ ఉన్నాడు. జబ్బార్ ఉన్నాడు. ఒక్కో పేరూ పిలుస్తూ, ఒక పేరు దగ్గర ఆగాడు. తలెత్తడానికి ధైర్యం చాలలేదు. వచ్చి ఉంటే బాగుండును.

"దేవదాస్?"

"ప్రజెంట్ సార్!" అంటూ ఆఖరి బెంచీలోంచి మంకీ క్యాపు తీసి లేచి నిలబడ్డాడు, ఇందాక టార్చి వేసి చూసినా ఆయన ముఖం పోల్చుకోలేకపోయిన సెంట్రీ.