ఎదుటి మేడ పెద్దాయన

పెద్దాయన ముక్కు మీద ఈగ వాలింది.

అమ్మాయి చటుక్కున చెయ్యెత్తి తోలబోయింది. గాలి తప్ప ఏమీ తగల్లేదు. పెద్దాయన వీధికి అవతల, ఎదుటి మేడ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అంత దగ్గరికి తెచ్చి చూపించింది లెన్సు.

కెమెరా షాపాయన పకపకా నవ్వాడు.

“నువ్వొక్కదానివే కాదులేమ్మా. మొన్నొకతను కంగారుపడి ఆయనకి నమస్కారం కూడా పెట్టేశాడు.”

అమ్మాయి కూడా నవ్వేసి మళ్లీ కన్ను ఆనించింది.

మధ్యాహ్నపు ఎండ షాపు గడప దాకా వచ్చి ఆగింది. లెన్సులో వీధి లేదు. బస్సులూ, గొడుగులూ, సైకిళ్లూ అన్నీ పాలల్లో నానినట్టు మెత్తగా కరిగిపోయాయి. హారన్లు కూడా ఎక్కడో వేరే ఊళ్లో మోగుతున్నట్టున్నాయి. ఆ మెత్తదనం మధ్యలో ఒకే ఒక్క ముఖం, నెరిసిన కనుబొమలతో, ఊపిరి తగిలేంత దగ్గరగా. ఇలా చూస్తూ కూర్చుంటే ఆమెకి ఆకలి కూడా గుర్తుకురాదు.

కానీ తేల్చుకోవలసిన పని ఒకటుంది. యాత్రల పత్రికవాళ్లు మొదటిసారి అవకాశం ఇచ్చారు. కొండల్లోకి వెళ్లి ఫొటోలు తేవాలి. నచ్చితే ఉద్యోగం. దూరాన్ని దగ్గర చేసే టెలిఫోటో లెన్సు ఒక్కటే కొనగలదు. ప్రైమా, జూమా అన్నది తేలక రోజూ వచ్చి షాపాయన ప్రాణం తోడేస్తోంది.

“బాబాయిగారూ, మీరే తేల్చండి.”

“తేల్చి చాలా రోజులైంది, నువ్వు వింటేగా! ప్రైమ్ తీసుకో.”

“జూమ్ అయితే హాయి కదండీ. ఇటు తిప్పితే దగ్గరికొస్తారు, అటు తిప్పితే దూరం పోతారు.”

“అదే దాంతో వచ్చిన తంటా. ఉన్నచోటే నిలబడి మనుషుల్ని దగ్గరికి లాక్కోవడం అలవాటైపోతుంది. ప్రైమ్‌కి ఒకటే దూరం. మనిషి దగ్గర కావాలంటే నువ్వే నడిచి వెళ్లాలి.”

“కొండల్లో నడవడమంటే మాటలా!”

“ఎక్కడైనా కష్టమేలే,” అన్నాడు షాపాయన.

ఆ షాపులో ఎవరు ఏ లెన్సు చూసినా పరీక్ష ఆ పెద్దాయన మీదే. పాపం ఆయన కూడా ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, షాపు తెరిచే వేళకి ఠంచనుగా కుర్చీలోకి వచ్చేస్తాడు. తీసిన ప్రతి ఫొటోనూ షాపాయన కళ్లజోడు పైకి తోసుకుని, తెర మీద పెద్దది చేసి మరీ చూస్తాడు.

“మెడ దగ్గర చొక్కా వదులైంది,” అన్నాడివాళ.

“చొక్కాతో మనకేం పనండీ?”

“చొక్కా ముడతలు తెలిస్తేనే కదా లెన్సు సంగతి తెలిసేది!”

నిజమే కాబోలనుకుంది అమ్మాయి.

“ఆయన నావైపు చూడరేంటండీ? ఎప్పుడూ నా పక్కకే చూస్తారు. కాస్త ఇటు చూడమనండి.”

ఆమె పక్కనే నిలబడ్డ షాపాయన కదల్లేదు.

“ఎటు చూడాలో అటే చూస్తున్నాడులే.”

ఆఖరిసారిగా జూమ్ తగిలించుకుని అమ్మాయి షాపు లోపలి గోడ దాకా వెళ్లింది. నొక్కబోయేసరికి షాపాయన తల అడ్డొచ్చింది.

“జరగండి బాబాయిగారూ!”

ఆయనకి వినపడలేదు. ఆమె నొక్కేసింది. ఫొటోలో ఒక పక్క షాపాయన చెవీ, సగం చెంపా, తెరిచిన నోరూ. వాటి వెనకాల ఎండలో పెద్దాయన.

“చక్కగా చెడగొట్టారు,” అని నవ్వుతూ ఆ జూమే కొనేసుకుంది.

కొండల్లో మబ్బులు చేతికందేంత కిందికి దిగాయి. అవతలి లోయలో గొర్రెలు కాసే ముసలమ్మ, వంతెన మీద ఆగిపోయిన గుర్రం, తిప్పిన కొద్దీ దగ్గరికొచ్చాయి. అది మెలకువో కలో ఆమెకే తెలియలేదు. కెమెరాలో కార్డు నిండిపోతే షాపులో తీసిన ట్రయల్ ఫొటోలు చెరిపేసింది. చెడిపోయిన ఆ ఒక్కదాన్ని చూసి నవ్వొచ్చి మాత్రం ఉంచేసుకుంది.

తిరిగి రాగానే ఉద్యోగం వచ్చింది. పరుగున షాపుకొచ్చింది.

ఎదుటి బాల్కనీలో కుర్చీ లేదు.

“బాబాయిగారూ, ఉద్యోగం వచ్చేసింది! పెద్దాయన ఏరండీ?”

“సంతోషం తల్లీ,” అన్నాడు షాపాయన. “ఆయన పోయాడు. నువ్వు వెళ్లిన కొన్నాళ్లకే, నిద్రలో.”

అమ్మాయి ఖాళీ బాల్కనీ వైపు తిరిగింది. ముక్కు మీద ఈగని తోలబోయినంత దగ్గరి మనిషి. ఆయన గొంతు ఎలా ఉంటుందో కూడా తనకి తెలియదు. ఒక్కసారైనా మెట్లెక్కి వెళ్లి పలకరించలేదే అని బాధేసింది.

“నువ్వు ట్రయల్‌కి తీసినవి ఉన్నాయా అమ్మా?”

“చెరిపేశానండీ.”

“అందరూ ఆ మాటే అంటున్నారు. ట్రయల్ ఫొటోలు ఎవరు దాచుకుంటారులే.”

“ఒక్కటుంది. కానీ అందులో మీరు అడ్డొచ్చారు.”

షాపాయన కెమెరా రెండు చేతులతో అందుకున్నాడు. ఈసారి పెద్దది చేసి చూడలేదు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

“ఇద్దరం పడ్డాం,” అన్నాడు.

“ఎవరండీ ఆయన?”

షాపాయన గడప దాకా వెళ్లి ఆగాడు.

“ఏదో మాట పట్టింపు. ఏ మాటో నాకిప్పుడు గుర్తు కూడా లేదు. వచ్చినవాళ్లందరికీ నడవండి, నడవండి అని చెప్పానుగానీ, ఈ వీధి మాత్రం పోయాడని వాళ్లింటి నుంచి కబురొచ్చాకే దాటాను,” అన్నాడు. “మా అన్నయ్యమ్మా.”