ల్యాబు తప్పు

"రక్తంలో కనిపించింది," అంది డాక్టరు.

క్రేన్ ఆపరేటర్ ఆమె చేతిలోని కాగితం వైపు చూశాడు. అతని భార్య కుర్చీ ముందుకు జరుపుకుంది. గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడు, "ఏంటంట వదినా?" అన్నాడు.

"చెవుల్లో దూది పెట్టుకున్నావా? మళ్ళీ వచ్చిందంటున్నారు."

"వచ్చిందని నేననలేదు," అంది డాక్టరు. "ముక్కు వెనక గడ్డకు కిందటేడు రేడియేషన్ ఇచ్చాం. ఈ రకం క్యాన్సర్ కణాల్లో ఒక వైరస్ ఉంటుంది. కణం చచ్చినప్పుడు ఆ వైరస్ తునకలు రక్తంలో కలుస్తాయి. గడ్డ కంటికి కనపడకముందే ఒక్కోసారి రక్తం చెప్పేస్తుంది. రెండుసార్లు మీకు సున్నా వచ్చింది. ఈసారి రాలేదు."

ఓడరేవులో కంపెనీ పెట్టిన షరతు ఒకటే. వరసగా మూడు పరీక్షలు సున్నా వస్తే మళ్ళీ క్రేన్ క్యాబిన్ ఎక్కవచ్చు. రాకపోతే ఇంటికి పంపేస్తారు. జబ్బుపడ్డప్పటి నుంచి అతను సామాన్ల గదిలో బోల్టులు లెక్కపెడుతున్నాడు, సగం జీతానికి. ఇది మూడో పరీక్ష.

"జబ్బు లేనివాడి రక్తంలో ఇది కనపడొచ్చా?" అని అడిగాడతను.

"కొద్దిగా కనపడొచ్చు. ఇంత కాదు."

"ఇంత ముందుగా తెలిస్తే నయమవుతుందా?"

"చాలామందికి అవుతుంది."

"ఆలస్యమైతే?"

"ఆలస్యం ఎందుకు చేస్తాం? ఇప్పుడే కెమెరా పెట్టి చూస్తాను."

ఇవన్నీ ఒకసారి పడి లేచిన మనిషి. కొత్తగా అడుగుతాడేమిటా అనుకుంది భార్య. భయం అనుకుని భుజం మీద చెయ్యి వేసింది.

సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి దించి డాక్టరు చాలాసేపు చూసింది. ఏమీ లేదు. స్కాన్‌కు పంపింది. అందులోనూ ఏమీ లేదు. "రక్తం మళ్ళీ తీద్దాం," అంది. "పొద్దున రండి."

ఇంటికి వచ్చాక అన్నదమ్ములిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. చిన్నప్పుడు ఒకడు చేసిన అల్లరికి రెండోవాడు దెబ్బలు తిన్న సందర్భాలు వాళ్ళమ్మ కథలుగా చెప్పేది. భార్య టీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి మాటలు వినపడ్డాయి.

"ఈ ఒక్కసారికి నా మాట విను అన్నయ్యా. ముందు నువ్వు క్యాబిన్ ఎక్కు. తరవాత అన్నీ చూద్దాం."

"తరవాతంటే ఎప్పుడురా?"

"నువ్వు ఎక్కాక."

"నాకు నిద్ర పట్టదురా."

"నిన్ను నిద్రపొమ్మని ఎవరన్నారు? క్రేన్ నడపమంటున్నా."

భర్త నవ్వలేదు. ఆమె గ్లాసులు వాళ్ళ మధ్య పెట్టింది. "మరిదిగారూ, మీ అన్నకు ధైర్యం చెప్పేవాడివి నువ్వొక్కడివే దొరికావు. రేపు నువ్వూ రా."

"ఏంటి?"

"రేపు నువ్వూ రమ్మంటున్నా. ఈ మధ్య నీతో ఏది మాట్లాడినా రెండుసార్లు చెప్పాలి."

"రెండోసారి చెప్తే నీ గొంతు బాగుంటుంది వదినా."

మర్నాడు రక్తం తీసే గదిలోకి ఆమె కూడా వెళ్ళింది. పోయినసారి ఆమె మందుల దగ్గర వరసలో ఉండిపోయింది, అన్నదమ్ములే వెళ్ళొచ్చారు. ఇప్పుడు నర్సు ఎడమచేతికి పట్టీ కట్టి తట్టింది. నరం దొరకలేదు. కుడిచేతికి కట్టింది. పొడిచింది, తీసింది, మళ్ళీ పొడిచింది. చివరికి అరచేతి వెనక దొరికింది.

"మందుల వల్ల నరాలు కుంగిపోయాయి సార్," అంది నర్సు.

"పోయినసారి ఇట్టే అయిపోయిందిగా," అంది భార్య.

"అన్నిసార్లూ ఒకేలా ఉండదు," అన్నాడు భర్త, గోడవైపు చూస్తూ.

ఫలితం రావడానికి వారం పట్టింది. ఆ వారం ఆమె సరిగా తినలేదు. అతను పనికి వెళ్ళాడు, వచ్చాడు. ఒకరోజు తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళడం కిటికీలోంచి చూసింది. ఏం గొడవని అడిగితే, "వాడు మొండివాడు," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

డాక్టరు ఈసారి నవ్వుతూ పిలిచింది.

"సున్నా," అంది. "కెమెరాలో ఏం లేదు, స్కాన్‌లో ఏం లేదు, ఇప్పుడు రక్తంలోనూ లేదు. పోయినసారిది ల్యాబు తప్పు. ట్యూబులు తారుమారయి ఉంటాయి. మిమ్మల్ని అనవసరంగా భయపెట్టాం. వాళ్ళ సంగతి నేను చూస్తాను."

భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. "చూశావా," అన్నాడు తమ్ముడు, "ఆ మెషీన్‌కే ఏదో రోగం ఉంది."

డాక్టరు కంపెనీకి ఇవ్వాల్సిన కాగితం తీసింది. "పైకెక్కి క్రేన్ నడపడానికి అభ్యంతరం లేదని రాస్తున్నాను. వచ్చే వారం నుంచి చేరొచ్చు."

పెన్ను మూత తీసింది. క్రేన్ ఆపరేటర్ చెయ్యి చాచి కాగితం మీద పెట్టాడు.

"సంతకం పెట్టకండి డాక్టరుగారూ."

"అన్నయ్యా, వద్దు," అన్నాడు తమ్ముడు.

"మూడోసారి సున్నా రాదేమోనని భయపడి ఒక పని చేశాం. ఇది బయటపడితే కంపెనీ నన్ను ఉంచదు. తెలుసు. వారం నుంచి వీణ్ణి మీ దగ్గరికి రమ్మని బతిమాలుతున్నాను, రానంటున్నాడు. నాకూ మొదట్లో వీడిలాగే చెవి సరిగా వినపడేది కాదు. ల్యాబు వాళ్ళను ఏమీ అనకండి. వాళ్ళు సరిగ్గానే చూశారు."

"ఏమంటున్నారు మీరు?" అంది భార్య.

అతను ఆమె వైపు చూడలేదు.

"పోయినసారి రక్తమిచ్చింది మా తమ్ముడు."