కుంపారే ఓటు

"అధ్యక్ష పదవి మీద నాకే ఆశా లేదు. ఊరెళ్ళి గేదెల్ని కాసుకుంటాను."

వ్యవసాయ మంత్రిగా ఆ పూటే రాజీనామా చేసిన ఫాకుండో, విలేకరులకి ఈ మాట చెప్పి కారెక్కాడు. ఆశ లేదన్నవాడే పోటీకి దిగుతాడని మనీలాలో పసిపిల్లలకైనా తెలుసు. రేపు పత్రికలన్నీ అదే రాస్తాయని అతని ధీమా.

డ్రైవర్ డోమెంగ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. కూతురి పెళ్ళికి ఫాకుండోని పెళ్ళిపెద్దగా నిలబెట్టినప్పటి నుంచీ వాళ్ళిద్దరూ కుంపారేలు. అంటే చుట్టానికి ఎక్కువ, వియ్యంకుడికి తక్కువ.

"ఏడుస్తున్నావా కుంపారే?"

"సంతోషం కుంపారే. నిజంగానే నిలబడరుగా?"

"చెప్పాను కదా."

"బతికించారు. మీరు నిలబడితే నేను మీకే వెయ్యాలి. కుంపారేని కాదని ఇంకొకడికి వేస్తే చర్చిలో తలెత్తుకోలేను. మీకు వేస్తే మా ఆవిడ అన్నం పెట్టదు. పెళ్ళి వంటలో ఉల్లిపాయ వెయ్యలేకపోయామని ఇప్పటికీ మీ పేరే తలుస్తుంది."

ఉల్లిపాయ మాంసం కంటే ప్రియమైంది ఫాకుండో ఏలుబడిలోనే.

"మరి ఎవరికి వేస్తావు?"

"ఇంకా అనుకోలేదు. ఇక ఎవరైనా ఫర్వాలేదు."

దేశం మొత్తం మీద తన మాట నమ్మినవాడు ఇతనొక్కడే. అది అబద్ధమని చెప్పడానికి ఫాకుండోకి నోరు రాలేదు.

"అయితే నాకూ బాధ తప్పింది," అన్నాడు. "నాకు నేను కుంపారేని కాను కాబట్టి, నిలబడి ఉంటే నేనూ ఇంకొకడికే వేసేవాణ్ణి."